తిరిగి ఇవ్వలేని వాళ్ళ దగ్గర మొదలుపెట్టండి: సంఘంలో దేవుని ప్రేమను ఎలా ఆచరించాలి

ప్రేమ మీద ప్రసంగాలకు మన రాయలసీమలో కొదవ లేదు. చాలా గుడుల్లో గోడ మీదే "దేవుడు ప్రేమాస్వరూపి" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, పెళ్ళి ఆరాధనల్లో మొదటి కొరింథీ 13వ అధ్యాయం చదువుతారు, విని ఆమేన్ అంటాం. ఆ ప్రేమ సోమవారం పొద్దున ఎవరింటికి పోవాలి, పోయి ఏం మాట్లాడాలి, డబ్బు ఇవ్వాలా వద్దా, మనతో మాటల్లేని వాళ్ళతో ఏం చేయాలి అనేది మాత్రం విడమరచి చెప్పేవాళ్ళు తక్కువ. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు, యవ్వనస్థుల కూడికలో చురుగ్గా ఉండే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అందుకే వరుసగా రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ 13వ అధ్యాయాన్ని పౌలు పెళ్ళి కోసం రాయలేదు, కొట్లాడుకుంటున్న సంఘానికి రాశాడు. అదే ఉత్తరం మొదటి అధ్యాయంలో నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని, నేను కేఫా మనిషిని అంటూ గ్రూపులు కట్టినవాళ్ళు కనిపిస్తారు. ఆరో అధ్యాయంలో విశ్వాసులే ఒకరి మీద ఒకరు కోర్టుకు ఎక్కుతున్నారు. పదకొండులో అయితే ప్రభు భోజనానికి కూడినప్పుడే కలిగినవాళ్ళు ముందే తిని తాగి మత్తుగా ఉంటే, లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. గ్రూపులు, కోర్టులు, పంక్తిలో తేడాలు. మన ఊళ్ళకు ఆ ఉత్తరం ఎంత దగ్గరో చూడండి. కాబట్టి "మా సంఘంలో పరిస్థితి ఏం బాగలేదన్నా, కాస్త సర్దుకున్నాక మొదలుపెడతాం" అనుకోవద్దు. ఆ మాటలు వచ్చిందే బాగలేని సంఘానికి.

1. ముందు కళ్ళు తెరిచి చూడండి

వచ్చే ఆదివారం ఆరాధన అయిపోగానే బండి తీయకండి. పది నిమిషాలు గేటు దగ్గర నిలబడండి. ఎవరు ఎవరితో నవ్వుతూ మాట్లాడుతున్నారు, పాస్టర్ గారి చుట్టూ ఎవరు మూగారు, ఎవరు ఎవరికీ కనపడకుండా చెప్పులు వేసుకుని పక్క నుంచి పోతున్నారు, ఇదంతా గమనించండి. ఆ పక్క నుంచి పోయేవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోండి. పేరు తెలియకపోతే అదే మీ మొదటి పని.

రాకుండా మానేసినవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోండి. మూడు నాలుగు వారాలుగా కనపడనివాళ్ళు ఎవరు? మన సంఘాల్లో మనిషి మానేస్తే "విశ్వాసంలో చల్లారిపోయినాడు" అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. బోరు ఎండిపోయి, చెనిక్కాయ పంట చేతికి రాక, అప్పిచ్చినవాడు కూడా అదే గుడికి వస్తాడు కాబట్టి మొహం చూపించలేక ఆగిపోయిన రైతులు ఉన్నారు. కానుక వేయడానికి చేతిలో ఏమీ లేదని ఆగిపోయిన ఆడవాళ్ళు ఉన్నారు.

వరదలాంటిది వస్తే ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు టౌన్‌ను ముంచినప్పుడు కష్టం బజార్లో అందరి కళ్ళ ముందే ఉంది, జనం కదిలారు. మామూలు రోజుల్లో కష్టం తలుపు వేసుకుని కూర్చుంటుంది. వెతికితేనే దొరుకుతుంది.

2. ఒక్క ఇల్లు ఎంచుకోండి, తిరిగి పిలవలేని ఇల్లు

లూకా 14లో యేసు చెప్పిన మాట చాలా సూటిగా ఉంటుంది. విందు చేస్తే స్నేహితుల్ని, బంధువుల్ని, డబ్బున్న పొరుగువాళ్ళను పిలవొద్దు, వాళ్ళు మళ్ళీ నిన్ను పిలుస్తారు, లెక్క సరిపోతుంది, బీదల్ని, కుంటివాళ్ళను, గుడ్డివాళ్ళను పిలువు అన్నాడు. ప్రేమ నిస్వార్థమైనదా కాదా అని తేల్చుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఈ మనిషికి నేను చేసింది ఏదో ఒక రూపంలో నాకు తిరిగి వస్తుందా? సంఘ ఎన్నికల్లో ఓటుగా, పిల్లల సంబంధాల్లో మాటసాయంగా, కనీసం పొగడ్తగా? వచ్చేటట్టుంటే అది కూడా మంచిదే, చేయండి, కానీ దాన్ని ఈ లెక్కలో వేసుకోవద్దు.

మన దగ్గర తిరిగి పిలవలేనివాళ్ళు ఎవరో ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు అయితే సుగ్గికి పోయిన కుటుంబాలు. పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు వైపు ఇంటిల్లిపాదీ కదిలిపోతారు, నడవలేని ముసలివాళ్ళు, ఒక్కోసారి బడి పిల్లలు ఇక్కడే ఉండిపోతారు. పాత కడప జిల్లాలో, ముఖ్యంగా రాయచోటి వైపు అయితే తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి, పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతున్న ఇళ్ళు. అనంతపురం వైపు అయితే బెంగుళూరులో కూలికి పోయినవాళ్ళ ఇళ్ళు, ముందే చెప్పిన అప్పుల రైతులు.

ఒక్కటే ఎంచుకోండి. పది ఇళ్ళ జాబితా రాసుకున్నవాళ్ళు రెండో నెలకే అలిసిపోయి మానేస్తారు. ఆ ఒక్క ఇంటి కోసం వారం రోజులు పేరు పెట్టి ప్రార్థన చేయండి, ఆ తర్వాత పోండి.

3. పోయే పద్ధతి

ఇక్కడ కొంచెం నిదానంగా రాస్తాను, ఎందుకంటే మంచి మనసుతో పోయి కూడా ఎదుటివాళ్ళను నొప్పించేది ఇక్కడే.

గుంపుగా పోవద్దు. పదిమంది పరామర్శకు పోతే ఆ ఇంట్లో కూర్చోబెట్టడానికి చాపలు కూడా ఉండవు, పాల కోసం పక్కింటికి పరిగెత్తాలి. ఇద్దరు పోండి. ఆడవాళ్ళే ఉండే ఇంటికి భార్యాభర్తలుగా గానీ, ఇద్దరు ఆడవాళ్ళుగా గానీ పోండి. ఫోటో తీయొద్దు. బియ్యం సంచి పట్టుకుని నిలబెట్టి తీసిన ఫోటో గ్రూపులో పెడితే, ఆ ఇంటి పిల్లవాడు మళ్ళీ సండే స్కూల్‌కి ఏ మొహం పెట్టుకుని వస్తాడు? మత్తయి 6లో నీ కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనియ్యొద్దని ఉంది, మనం ఫోన్‌లో ఉన్న మూడు వందల మందికి తెలియజేస్తున్నాం.

పోగానే వాక్యం తీయొద్దు. కూర్చోండి. "అవ్వా, బాగుండావా?" అని అడిగి, ఆమె చెప్పేది చివరిదాకా వినండి. మధ్యలో "దేవుడు చూసుకుంటాడులే అవ్వా" అని మూత పెట్టొద్దు. ఆ మాట నిజమే, కానీ తొందరగా అంటే ఎదుటి మనిషి నోరు మూయించినట్టే అవుతుంది.

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. తల్లి కువైట్‌లో, తొమ్మిదో తరగతి చదివే పాప అవ్వ దగ్గర. సంఘం నుంచి పోయినవాళ్ళు ప్రతిసారీ అరటిపండ్లు, బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి, ప్రార్థన చేసి వస్తున్నారు. తల్లి డబ్బు పంపుతుంది, తిండికి లోటు లేదు. ఒకసారి ఒక అక్క తీరిగ్గా కూర్చుని మాట్లాడితే అసలు విషయం బయటపడింది. అక్కడ సేటింటి పని అయిపోయి తల్లి ఫోన్ చేసేసరికి రాత్రి పది అవుతుంది, మనకు పన్నెండున్నర. పాప ఆ ఫోన్ కోసం రోజూ మేలుకుని ఉంటుంది. పొద్దున బళ్ళో నిద్ర, టీచర్ తిట్లు, మార్కులు తగ్గడం. పేరెంట్స్ మీటింగ్‌కి పోయేవాళ్ళు లేరు, అవ్వకు బడి దాకా నడిచే శక్తి లేదు. ఆ ఇంటికి కావలసింది అరటిపండ్లు కాదని అప్పుడు అర్థమైంది. ఆ అక్క మీటింగ్‌కి పోయి టీచర్‌తో ఉన్నది ఉన్నట్టు మాట్లాడింది, శుక్రవారం తల్లికి కాస్త వీలు దొరుకుతుందని తెలుసుకుని ఆ రోజు పెద్ద ఫోన్, మిగతా రోజులు వాయిస్ మెసేజ్ అని వాళ్ళకు కుదిర్చింది. ఖర్చు ఒక్క రూపాయి లేదు.

అందుకే మీరు ఏం ఇవ్వాలనుకుంటున్నారో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని పోవద్దు. మొదటిసారి ఉత్త చేతులతో పోయినా తప్పు లేదు. మీకు పెట్టింది తినండి. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం పెడితే "అయ్యో, ఎందుకమ్మా" అని తోసేయకుండా కడుపునిండా తినండి. ఇచ్చే అవకాశం వాళ్ళకు కూడా ఉండాలి.

ఆసుపత్రికి అయితే పద్ధతి వేరు. కర్నూలు పెద్దాసుపత్రికి అనంతపురం, కడప నుంచే కాక గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. మంచం మీద ఉన్నవాళ్ళను డాక్టర్లు చూస్తారు, వరండాలో పడుకునే తోడు మనిషిని ఎవరూ చూడరు. "ఈ రాత్రికి నేనుంటా, నువ్వు ఇంటికి పోయి స్నానం చేసి పడుకుని రా" అనగలిగితే అది పది ప్రార్థన కూడికలకు సమానం. రక్తం ఇవ్వగలిగితే ఇవ్వండి.

4. డబ్బు దగ్గర జాగ్రత్త

మీ సొంత డబ్బు అయితే ఒక్కటే నియమం. ఇవ్వగలిగింది ఇచ్చేయండి, అప్పుగా ఇవ్వొద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ సంఘం లోపల తిరగడం మొదలైతే సహవాసం అక్కడితో సరి. వడ్డీ లేకుండా ఇచ్చినా తీర్చలేనివాడు మిమ్మల్ని చూసి పక్క సందులోకి తిరుగుతాడు. ఐదు వేలు అడిగితే, మీకు వెయ్యి వదులుకునే శక్తి ఉంటే, "అన్నా, ఇది నీకే, తిరిగి ఇవ్వొద్దు" అని ఆ వెయ్యి చేతిలో పెట్టండి.

సంఘం డబ్బు అయితే అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చదవండి. యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఏం చేశారు? ఫిర్యాదు చేసినవాళ్ళను గద్దించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడు పేర్లూ చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వర్గం వైపే పంపకం బాధ్యత పెట్టినట్టు కనిపిస్తుంది. ఎంత ధైర్యం ఉండాలి దానికి!

మీ సంఘంలో బీదల కోసం ఒక పెట్టె పెట్టాలనుకుంటే ఇదే పద్ధతి పాటించండి. ముగ్గురు ఉండాలి, అందులో ఒక విధవరాలో, కూలి పని చేసుకునే అక్కో తప్పకుండా ఉండాలి. పాస్టర్ గారి చేతిలో పెట్టొద్దు, ఆయన మీద నమ్మకం లేక కాదు, ఆయన్ను నిందల నుంచి కాపాడడానికి. నెల నెలా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని బయటికి చదవండి, ఎవరికి పోయిందో మాత్రం చదవొద్దు. కోత పండుగలో కానుకల వేలం మీద వచ్చిన డబ్బులో ఒక భాగం దీనికి అని ముందే తీర్మానం చేసుకుంటే పెట్టె ఖాళీ అవ్వదు.

5. పంక్తి, టీ గ్లాసు, కులం

దీని గురించి మాట్లాడకుండా సంఘంలో ప్రేమ గురించి రాస్తే అది సగం అబద్ధం అవుతుంది.

మన ఊళ్ళలో "అది మాలల గుడి, ఇది మాదిగల గుడి" అని ఈనాటికీ మామూలుగా అనేస్తారు. పై కులాల నుంచి వచ్చిన విశ్వాసులు టౌన్‌లో వేరే సహవాసం చూసుకుంటారు. వేదిక మీద అందరం క్రీస్తులో ఒక్కటే. పెళ్ళి సంబంధం దగ్గర, భోజనం దగ్గర, సమాధుల తోట దగ్గర మళ్ళీ ఎవరి వరస వాళ్ళదే. యాకోబు రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్న మనిషికి మంచి చోటు, మురికి బట్టల మనిషికి కాళ్ళ దగ్గర చోటు చూపించే సంఘాన్ని నిలదీసి అడిగాడు. మనల్ని అడిగితే జవాబు ఏం చెబుతాం?

ఏం చేయాలంటే, కుటుంబ ప్రార్థనలు ఎవరెవరి ఇళ్ళల్లో జరుగుతున్నాయో ఆర్నెల్ల లెక్క తీయండి. కొన్ని ఇళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఎప్పుడూ పిలవని వీధిలో ఒక ఇల్లు అడిగి పెట్టించండి. పోయినప్పుడు అక్కడ టీ తాగండి. "ఇప్పుడే తాగొచ్చినా అక్కా" అనే అబద్ధం మన సంఘాల్లో ఎన్ని గుండెలు కోసిందో దేవునికే తెలుసు. ఇంట్లో చేసిన టీ, వాళ్ళ గ్లాసులో, వాళ్ళ పిల్లల పక్కన కూర్చుని తాగండి. మీ పిల్లల్ని కూడా తీసుకుపోండి, వాళ్ళూ తాగాలి.

ప్రేమవిందు పెట్టినప్పుడు పెద్దలకు, కమిటీవాళ్ళకు వేరే టేబుల్ తీసేయించండి. కష్టమే, పెద్దాయన ఎవరో అలుగుతాడు. అలిగితే మీరే పోయి ఆయన పక్కన నేల మీద కూర్చుని తినండి. తిన్న తర్వాత గిన్నెలు తోమేది ఎప్పుడూ ఆ నలుగురు ఆడవాళ్ళే అయితే, ఈసారి మగవాళ్ళు తోమాలి. మంచి శుక్రవారం ముందు రోజు కాళ్ళు కడిగే ఆచారం కొన్ని సంఘాల్లో ఉంది, మంచిదే. యోహాను 13లో యేసు కడిగిన కాళ్ళల్లో ఆయన్ను పట్టివ్వబోయే యూదా కాళ్ళు కూడా ఉన్నాయి, అతను బయటికి వెళ్ళింది ఆ తర్వాతే. ఏడాదికి ఒకసారి పన్నెండుమంది కాళ్ళు కడిగి, మిగతా రోజులన్నీ అన్నం డేగిశాలు వేరేవాళ్ళకు వదిలేయడం ఆయన నేర్పింది కాదు.

6. మాటల్లేని మనిషి

సీమలో పగ అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాల్సి వస్తుంది గానీ మనకు అక్కర్లేదు. గట్టు తగాదా తాత కాలంలో మొదలై మనవడి దాకా వస్తుంది. గుడిలో కూడా అంతే. కమిటీ ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళు ఆరేళ్ళుగా వెనక బెంచీలో కూర్చుని మొహం తిప్పుకుంటారు.

ప్రేమ అపకారమును మనస్సులో ఉంచుకొనదు అని పౌలు రాశాడు. ఉంచుకోకుండా ఎట్లా? మత్తయి 5:23, 24 ప్రకారం కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు పోయి సమాధానపడాలి. ప్రభు భోజనం ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం పోండి. ఒంటరిగా పోండి, మత్తయి 18:15లో అట్లాగే ఉంది. పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పోతే అది పంచాయితీ అవుతుంది. ఫోన్‌లో మెసేజ్ పెట్టొద్దు. ఎవరిది ఎంత తప్పో లెక్క తీయొద్దు. మీ వైపు ఏం జరిగిందో ఆ ఒక్కటే చెప్పండి: "అన్నా, ఆ రోజు నలుగురిలో నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించు." అంతే. "నువ్వు కూడా..." అని మొదలుపెట్టొద్దు. ఆయన తలుపు వేసేసినా మీ పని అయినట్టే. దారిలో కనపడినప్పుడు మాత్రం పలకరించడం మానొద్దు.

ఇక్కడ ఒక గీత గీయాలి. క్షమించడం అంటే దెబ్బలు తినడం కాదు. భర్త కొడుతున్న చెల్లెల్ని "సర్దుకుపో అమ్మా, ప్రేమ అన్నీ సహిస్తుంది" అని వెనక్కి పంపే హక్కు ఏ సంఘానికీ లేదు. ఆమెను ఇంట్లో పెట్టుకోండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. పిల్లల మీద చెయ్యి వేసినవాడు ఎవరైనా సరే, సంఘంలో ఎంత పెద్ద స్థానంలో ఉన్నా సరే, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. సంఘం పరువు కోసం దాచిపెడితే ప్రేమ ఆ బిడ్డ మీద లేనట్టే.

7. గుడి గోడ దాటి

పక్కింటి సాయిబు గారికి, ఎదురింటి రెడ్డి గారికి, వెనక వీధి ఓబులేసుకు మీరు చేసే సాయానికి తోక ఉండకూడదు. బియ్యం ఇచ్చి "ఆదివారం గుడికి రండి" అంటే అది వ్యాపారం. ఎవరైనా తనంతట తాను అడిగితే మీ విశ్వాసం గురించి సంతోషంగా చెప్పండి, అడగకపోతే సాయం చేసి ఇంటికి రండి. మంచి సమరయుడు గాయపడినవాడికి నూనె పోసి, పూటకూళ్ళ ఇంట్లో పెట్టి, రెండు దేనారాలు కట్టి పోయాడు. ఆ మనిషి దగ్గర ఏ మాటా తీసుకోలేదు.

మనకు చూసి నేర్చుకోవడానికి ఉదాహరణలు దగ్గర్లోనే ఉన్నాయి. లండన్ మిషన్‌వాళ్ళు 1822లో కడపకు వచ్చారు, జమ్మలమడుగులో వాళ్ళు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి తరతరాలుగా అన్ని మతాలవాళ్ళూ వచ్చారు. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టించిన ఇళ్ళు ఆడవాళ్ళ పేరు మీద రాయించారు, బత్తలపల్లి ఆసుపత్రిలో నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావని ఎవరినీ అడిగి వైద్యం చేయరు.

8. మోసపోతే?

పోతారు. మందుల కోసమని తీసుకున్న డబ్బుతో తాగినవాడు ఉంటాడు, మీ దగ్గర సాయం పొంది మీ మీదే చాడీలు చెప్పేవాళ్ళు ఉంటారు. డబ్బుకు బదులు నేరుగా మందుల షాపులో కట్టడం లాంటి జాగ్రత్తలు తీసుకోండి, కానీ పోవడం మానొద్దు. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు చనిపోయాడని రోమా 5:8 చెబుతుంది. మనం బాగుపడతామో లేదో చూసి ఆయన రాలేదు కదా. అలిసిపోతే రెండు వారాలు ఆగండి, ఆ ఇంటికి వేరేవాళ్ళను పంపండి, మీ భార్యాపిల్లలకు ఇవ్వాల్సిన సమయం తెచ్చి ఇక్కడ పెట్టొద్దు.

9. అందరూ మర్చిపోయే ఇల్లు

ఊరి పాస్టర్ గారి ఇల్లు. టౌన్‌లో పెద్ద సంఘాల సంగతి వేరు. పల్లెల్లో నలభై గడపల సంఘాన్ని కాసుకుని, సుగ్గి కాలంలో గుడి సగం ఖాళీ అయిపోతే కానుకలు కూడా సగమైపోయి, ఎవరికీ చెప్పుకోలేక ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రార్థన అవసరతలు అందరూ ఆయనకే చెబుతారు. ఆయన్ను అడిగేవాళ్ళు లేరు. జనం సుగ్గికి పోయే ముందే ఆ నాలుగు నెలలకు సరిపడా జొన్నలు, బియ్యం వంతులు వేసుకుని పాస్టర్ గారి ఇంటికి చేర్చే ఏర్పాటు చేయండి, పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలో కనుక్కోండి. అడిగేటప్పుడు ఆయన్ను అడగొద్దు, "దేవుని కృప, అంతా బాగుంది" అంటాడు. పాస్టరమ్మను అడగండి, డబ్బాలో బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో ఆమెకు తెలుసు.